మౌనముని వేరుకాపురం

మా పెదనాన్నకి ఏదైనా ఒంటరిగా కనిపిస్తే ఊపిరాడదు. మనిషే కానక్కర్లేదు. గొడుగైనా, కుర్చీ అయినా, పళ్ళెంలో మిగిలిన ఆఖరి బిస్కట్టైనా సరే, దానికో తోడు దొరికేదాకా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. బిస్కట్టుతో పేచీ లేదు, డబ్బాలోంచి ఇంకోటి తీసి పక్కన పెట్టేస్తాడు. వచ్చిన చిక్కల్లా మనుషులతోనే.

ఆయనది లాండ్రీ షాపు. ముందు కౌంటరు దగ్గర నేను, నా వెనక ఆవిరి ఇస్త్రీ దగ్గర పెదనాన్న, లోపలి గదిలో మరకలు తీసే బల్ల దగ్గర మా బాబాయి. వీళ్ళిద్దరికీ మధ్యవాడు మా నాన్న. ఆయన బట్టల జోలికి రాకుండా వయసులో ఉన్నప్పుడే ఓడరేవులో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. అప్పుడు మాత్రం పెదనాన్న అడ్డు చెప్పలేదట. అక్కడ బోలెడంతమంది పనిచేస్తారు కాబట్టి తమ్ముడికి భయం లేదన్నాడట.

ఒకసారి ఒకావిడ ఒకే ఒక్క చేతితొడుగు ఉతకడానికి ఇచ్చింది. రెండోది రైల్లో పోయిందట. పెదనాన్న దాన్ని శుభ్రంగా ఉతికించి, ఎవరూ తీసుకెళ్ళకుండా ఏళ్ళ తరబడి మూలపడున్న సరుకులోంచి ఇంకో చేతితొడుగు వెతికి, రెండూ కలిపి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆవిడది నల్లది, ఈయన పెట్టింది పచ్చది. పైగా రెండూ ఎడమచేతివే. ఆవిడ వెనక్కొచ్చి ఇది నాది కాదండీ అంది. "తెలుసమ్మా. దాన్నొక్కదాన్నే పంపడానికి మనసొప్పలేదు" అన్నాడు పెదనాన్న. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, పచ్చదాన్ని కూడా సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

షాపులో ఎవరైనా ఒక్కరే కూర్చుని ఎదురుచూస్తుంటే ఆయన చేతిలో ఇస్త్రీ కదలదు. ఓ రోజు పళ్ళ డాక్టరుగారు తన సూటు కోసం వచ్చి కూర్చున్నారు. సూటు ఇంకా ఆరలేదు. పెదనాన్న వీధిలోకి తొంగిచూసి, అటుగా పోతున్న పోస్ట్‌మ్యాన్‌ని పట్టుకొచ్చి డాక్టరుగారి పక్కన కూర్చోబెట్టాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని కొయ్యబారిపోయారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ పోస్ట్‌మ్యాన్ కిందటి వారమే డాక్టరుగారి కుర్చీలోంచి, నోట్లో దూదితో సహా, లేచి పారిపోయాడట. సూటు ఆరేలోపు డాక్టరుగారు అతనిచేత నోరు తెరిపించి, చూడాల్సినవన్నీ చూసి, మిగిలిన పనికి మర్నాడు రమ్మన్నారు.

హోటల్లో సంగతి ఇంకా ఘోరం. ఒకాయన మూల బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని భోంచేస్తుంటే పెదనాన్న తన పళ్ళెం పట్టుకెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. ఆ పెద్దమనిషి భార్యతో గొడవపడి, కాస్త ప్రశాంతంగా నాలుగు ముద్దలు తిందామని వచ్చాడు. పెదనాన్న ఆయన నోటితోనే ఇంటి అడ్రసు చెప్పించుకుని, చెయ్యి కడుక్కొస్తానని లేచి వెళ్ళి, ఆవిడని వెంటబెట్టుకొచ్చాడు. మళ్ళీ ఆ హోటల్లోకి మమ్మల్ని రానివ్వలేదు. పెద్దమ్మ అంటుంది, ఈయన్ని నడిసముద్రంలో ఓ దీవి మీద వదిలేసినా ఇంకో దీవిని కేకేసి పక్కన కూర్చోబెట్టుకుంటారని.

ఇక ఇంట్లో ముందుగది సంగతి. మూడు గోడల నిండా రికార్డులే. నల్లగా, పెద్ద పళ్ళేల్లా ఉండే పాతకాలం పాటల రికార్డులు. లోకంలో అందరూ వాటిని పేరు వరసలోనో, ఏడాది వరసలోనో సర్దుకుంటారు. మా పెదనాన్నది చుట్టరికం వరస. ఎవరి పక్కన ఎవరుంటే మాటామంతీ సాగుతుందో చూసి మరీ కూర్చోబెడతాడు. ఫలానా ఇద్దరు గాయకులకీ పడదని ఎక్కడైనా చదివితే, మర్నాటికల్లా ఒకరు తలుపు పక్కకీ ఒకరు కిటికీ పక్కకీ మారిపోవాల్సిందే. పాట పెట్టినప్పుడు ఇంకో రికార్డుని అట్టతో సహా బయటికి తీసి ప్లేయరుకి ఎదురుగా నిలబెడతాడు. ఎందుకు పెదనాన్నా అని అడిగాను.

"పాడేవాడికి ఎదురుగా వినేవాడొకడు ఉండాలా వద్దా?"

"నేను వింటున్నాగా."

"నువ్వు వినేదానివి. వాడికి తనలాంటివాడొకడు ఉండాలి."

ఇలాంటి మనిషి లెక్కలో అన్నిటికన్నా పెద్ద పాపమేదో మీరీపాటికి ఊహించే ఉంటారు. సోలో ఆల్బమ్. నలుగురితో కలిసి హాయిగా వాయించుకుంటున్నవాడు ఉన్నట్టుండి బయటికొచ్చి, అట్ట మీద తన పేరొక్కటే వేసుకుని, తన మొహమొక్కటే అచ్చు వేయించుకోవడం. దాన్ని ఆయన సోలో అనడు, "వేరుకాపురం" అంటాడు. "ఫలానావాడు వేరుకాపురం పెట్టాడట" అని పేపరు మడిచి, ఎవరో పోయినట్టు కాసేపు కిటికీలోంచి చూస్తాడు.

ఆయనకి ప్రాణంతో సమానమైన రాక్ బృందం ఒకటుంది. నలుగురు. వాళ్ళ అసలు పేర్లు ఆయనకి అక్కర్లేదు. ముందు నిలబడి పాడేవాడు గొంతాయన. గిటారు వాయించేవాడు జుట్టాయన. డ్రమ్ములు వాయించేవాడు పెద్దోడు. ఇక నాలుగోవాడు వెనకాల గోడకి ఆనుకుని బేస్ గిటారు వాయిస్తుంటాడు. ప్రతి ఫొటోలోనూ చివర్న, సగం భుజం తెగిపోయి ఉంటాడు. ఒక్క పాటలోనూ నోరు విప్పలేదు. అతను మౌనముని. ఈ నలుగురి రికార్డులూ ముందుగదిలో మంచి వెలుతురొచ్చే చోట, పెదనాన్న కుర్చీకి సూటిగా ఎదురుగా ఉంటాయి.

నేను బడికెళ్ళే రోజుల్లో మౌనముని బృందంలోంచి బయటికొచ్చి ఒక ఆల్బమ్ చేశాడు. అట్ట మీద బృందం పేరు పెద్దక్షరాల్లో ఉన్న చీటీ ఒకటి అంటించారు, అమ్ముడుపోవడానికి. పెదనాన్న ఆ చీటీ చూసి మురిసిపోయి కొనుక్కొచ్చాడు. ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఏముంది, ఖాళీ గదిలో కుర్చీ, కుర్చీలో మౌనముని ఒక్కడు. పెదనాన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. నలుగురిలో మాట్లాడనివాడు ఒక్కడే ఏం మాట్లాడతాడే అని పెద్దమ్మ దగ్గర బాధపడ్డాడట. పైన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. దుకాణంవాడేమో వెనక్కి తీసుకోనన్నాడు. మర్నాడు పెదనాన్న దాన్ని చంకలో పెట్టుకుని షాపుకి తెచ్చేశాడు.

షాపులో దానికో ఉద్యోగం దొరికింది. చొక్కా మడతపెట్టేటప్పుడు వీపు మీద ఓ అట్ట పెట్టి, దాని చుట్టూ చేతులూ అంచులూ మడిచి, చివర్న అట్టని మెల్లగా లాగేస్తాం. మడత నలగకుండా నిలబడుతుంది. రికార్డు అట్ట సరిగ్గా ఆ కొలతే. పైగా నున్నటి ప్లాస్టిక్ తొడుగుందేమో, వెన్నలోంచి లాగినట్టు వచ్చేసేది. అలా ఇరవై ఏళ్ళ పాటు ఊళ్ళో ప్రతి చొక్కా మౌనముని కౌగిట్లోంచే ఇంటికెళ్ళింది. వేరుపడ్డవాడికి పెదనాన్న వేసిన శిక్ష అదేనని మేమంతా అనుకున్నాం. బాబాయి కూడా అనుకున్నాడు. ఆ అనుకోవడమే తర్వాత ఇంత దూరం తెచ్చింది.

బాబాయి గురించి చెప్పాలి. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళి చేసుకోలేదు, అన్నగారింట్లోనే మేడ మీద గదిలో ఉంటాడు. ఎలాంటి మరకైనా ఆయన చేతిలో పడితే లొంగిపోవాల్సిందే. కానీ ఆయన మనసంతా తోలు మీద. తోలు కోట్లు, సంచులు, చెప్పులు, రంగు వెలిసిన పాత సోఫాలు. మా షాపులో తోలు తీసుకోం, ఆవిరి తగిలితే ముడుచుకుపోతుంది. అయినా ఎవరో ఒకరు బతిమాలితే బాబాయి మూల కూర్చుని రంగు వేసి, నూనె పట్టించి, కొత్తదానిలా చేసి ఇచ్చేవాడు. అప్పుడాయన మొహం చూడాలి. పుస్తకం చదువుకుంటున్నట్టు ఉండేవాడు.

ఓ రోజు మధ్యాహ్నం టీలయ్యాక బాబాయి గొంతు సవరించుకున్నాడు. మేమందరం ఉలిక్కిపడ్డాం, ఆయన గొంతు సవరించుకోవడం ఎప్పుడూ వినలేదు. మూడు వీధుల అవతల తివాచీల వ్యాపారి తన కొట్టు పక్క భాగం అద్దెకిస్తున్నాడట. తోలు పని ఒక్కటే చేస్తాడట. వెనకాల చిన్న గది కూడా ఉందట, రంగు ఆరేటప్పుడు కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి అక్కడే పడుకుంటాడట. తాళంచెవి జేబులోనే ఉంది. కానీ అన్నయ్య వెళ్ళమంటేనే తెరుస్తాడు. నెలాఖరులోగా తెరవకపోతే తివాచీలాయన ఆ చోటు మంగలికి ఇచ్చేస్తానన్నాడు.

ఇంత పొడుగు మాట బాబాయి పుట్టి బుద్ధెరిగాక మాట్లాడలేదు. పెదనాన్న టీ కప్పు కిందపెట్టి, "అక్కడ నీతో ఎవరుంటారు?" అన్నాడు.

"ఎవరూ ఉండరన్నయ్యా. నేనే."

"వేరుకాపురమన్నమాట."

అంతే. ఆ క్షణం నుంచి తమ్ముడితో మాటలు బంద్. అలాగని మాట్లాడకుండా ఉండగలడా? మధ్యలో నన్ను పెట్టుకున్నాడు.

"మీ బాబాయిని అడుగు, ఆ కోటు మీద సిరా మరక పోయిందేమో."

బాబాయి మూరెడు దూరంలో నిలబడి, "పోయిందన్నయ్యా" అనేవాడు.

"ఏమంటున్నాడు?"

"పోయిందంటున్నాడు పెదనాన్నా."

"నమ్మచ్చేమో కనుక్కో."

ఇలా రోజంతా. నేను కౌంటరు చూసుకోవాలా, ఈ రాయబారం నడపాలా? చివరికి విసుగొచ్చి, మీ ఇద్దరూ నేరుగా మాట్లాడుకోకపోతే నేను కూడా వేరుపడతానన్నాను. పెదనాన్న బెంబేలెత్తిపోయి నా పక్కన ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు. బాబాయి మాత్రం జేబులో తాళంచెవిని తడుముకుంటూ మరకలు తీస్తూ ఉన్నాడు. రోజులు మాత్రం ఆగలేదు. తివాచీలాయన ఓ పరదా ఉతకడానికిచ్చే నెపంతో రెండుసార్లు వచ్చి, మంగలి తొందరపెడుతున్నాడని చెప్పి వెళ్ళాడు. అన్న ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాట లేకుండా బాబాయి జన్మలో ఆ తాళం తెరవడని మా అందరికీ తెలుసు.

అలాంటి రోజుల్లో ఒకనాడు పెదనాన్న చొక్కా మడతపెడుతూ అట్ట లాగబోతే రాలేదు. ఇంకాస్త లాగాడు. ఏదో చిరిగింది. ఇరవై ఏళ్ళు సేవ చేసి అలిసిపోయిన ఆ ప్లాస్టిక్ తొడుగు ఓ గుండీకి తగులుకుని నిలువునా చీలిపోయింది. అట్ట పక్కకి ఒరిగి, అందులోంచి నల్లటి రికార్డు బల్ల మీదికి జారింది. చొక్కాల బరువు కింద నలిగి నలిగి ఇంత బల్లపరుపుగా ఉన్న రికార్డుని నేనెక్కడా చూడలేదు. పెదనాన్న దాని వంక చాలాసేపు చూశాడు. అన్నేళ్ళు చేత్తో పట్టుకు తిరిగినవాడు, అది పాడుతుందన్న సంగతే మర్చిపోయినట్టున్నాడు. తర్వాత ఆయన కళ్ళలో ఓ మెరుపు మెరిసింది.

"మీ బాబాయికి చెప్పు, రేపు సెలవు. మధ్యాహ్నం అందరం ముందుగదిలో కూర్చుని ఇది విందాం. వేరుపడ్డవాడి గతేమిటో చెవులారా వినమను. విన్నాక కూడా వెళ్తానంటే అప్పుడు చూద్దాం."

బాబాయి అప్పటికే తలూపేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ముందుగది కోర్టులా తయారైంది. పెదనాన్న ప్లేయరు పక్కన ప్లీడరులా నిలబడ్డాడు. బాబాయి ముద్దాయిలా స్టూలు మీద. పెద్దమ్మ ఊలు అల్లుకుంటూ సోఫాలో. నేను కింద తివాచీ మీద. పెదనాన్న ముందుగా ఉపోద్ఘాతం చెప్పాడు. ఈ మనిషి బృందంలో ఉన్నంతకాలం పువ్వులా ఉన్నాడనీ, ఒక్కడే అయ్యాక వాడిపోయి ఉంటాడనీ, అది మనం స్వయంగా వినబోతున్నామనీ. రికార్డు మీద ముల్లు పెట్టాడు.

ముందు ఒక గిటారు. తర్వాత గొంతు. సన్నగా, కాస్త బొంగురుగా, అప్పుడే నిద్రలేచినవాడిలా.

"విన్నారా, వణుకుతోంది" అన్నాడు పెదనాన్న.

"గొంతు కాదు, మన ప్లేయరు బల్ల కాలు పొట్టి" అంది పెద్దమ్మ. పక్కనున్న ఇంకో ఊలుకండె తీసి కాలి కింద దోపింది. వణుకు పోయింది.

మొదటి పాటలో ఒకడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎదుటి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడితో మనసులోనే మాట్లాడుతుంటాడు. పెదనాన్న చూపుడువేలెత్తి, చూశారా పలకరించే దిక్కు లేదు అన్నాడు. రెండో పాట గెంతులేసే పాట, ఇల్లంతా వెతికినా దొరకని మేజోడు మీద. ఆ వేలు పైనే ఉంది కానీ, కాసేపటికి తాళం వేయడం మొదలుపెట్టింది. మూడో పాటకి ఆయన నిలబడలేక కుర్చీ లాక్కున్నాడు. నాలుగో పాటలో పెద్దమ్మ అల్లిక ఆగిపోయింది. ఇంత మంచి పాటలు ఇన్నేళ్ళూ మా చొక్కాల కింద పడున్నాయా అనిపించి నాకు మొహం చెల్లలేదు. రికార్డు ఒకవైపు అయిపోయి ముల్లు టిక్కుటిక్కుమంటున్నా ఎవరం లేవలేదు.

"రెండో వైపు కూడా వినకుండా తీర్పు చెప్పకూడదు" అన్నాడు పెదనాన్న, ఎవరూ అడక్కుండానే. లేచి తిప్పి పెట్టాడు.

రెండో వైపు మూడో పాట. నెమ్మదైన పాట. మౌనముని రెండు చరణాలు ఒక్కడే పాడాడు. తర్వాత మెల్లగా డ్రమ్ము మొదలైంది. పెదనాన్న కుర్చీలో ముందుకి వంగాడు.

"ఇది పెద్దోడు."

"ఎవరు?" అంది పెద్దమ్మ.

"పెద్దోడే. దెబ్బ పడేముందు రవ్వంత ఆగుతాడు, గడప దాటబోతూ తాళం వేశానా లేదా అని ఆగినట్టు. ఇంకెవరికీ రాదది." ఆయన గొంతు మారిపోయింది. "అదిగో, ఆ గిటారు జుట్టాయనది. ఆగండి. ఆగండి. ఎవరూ మాట్లాడకండి."

ఎవరం మాట్లాడటం లేదు. పాట చివర్లో మౌనముని గొంతు వెనకాల ఇంకో గొంతు కలిసింది. చాలా లోగొంతుకతో, వినపడీ వినపడనట్టు. బృందంలో ఎప్పుడూ అందరికన్నా ముందు నిలబడి, ఊరంతా ఎగిరిపోయేలా పాడిన గొంతు అది. ఇప్పుడు అందరికన్నా వెనక నిలబడి పాడుతోంది.

"గొంతాయన" అన్నాడు పెదనాన్న. "వెనక నిలబడ్డాడు. వీడికోసం."

పాట అయిపోయింది. బాబాయి తలెత్తలేదు. పెద్దమ్మ చెయ్యి చాచి ఆ అట్ట అందుకుంది. అది పుస్తకంలా విప్పే రకం అట్ట. అన్నేళ్ళూ ప్లాస్టిక్ కాగితంలో మూసుకుపోయి ఉండటంతో ఆ సంగతి ఎవరికీ తెలీదు. ఆవిడ విప్పి చూసి, పెదనాన్న ఒళ్ళో పెట్టింది. బయట అట్ట మీదున్నది సగం గదేనన్నమాట. లోపలి బొమ్మలో ఆ గది మొత్తం ఉంది. కుర్చీలో మౌనముని. ఎదురుగా బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని పెద్దోడు, జుట్టాయన. నేల మీద కాళ్ళు చాపుకుని గొంతాయన. నలుగురూ దేనికో పగలబడి నవ్వుతున్నారు.

పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, నన్ను అడ్డు పెట్టుకోవడం కూడా మర్చిపోయి, తమ్ముడినే అడిగాడు.

"వీళ్ళు పోట్లాడుకోలేదా?"

"పోట్లాడుకున్నారని నీకెవరు చెప్పారన్నయ్యా?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

"వేరుపడ్డాడంటే పోట్లాడుకునే ఉంటారనుకున్నా." ఆ బొమ్మ మీద వేలు ఆనించి, "ఇంకెవరూ వాడితో మాట్లాడరనుకున్నా" అన్నాడు.

బాబాయి మొదటిసారి కాస్త గట్టిగా మాట్లాడాడు. అలా అనుకున్నవాడివి ఆ రికార్డుతో చొక్కాలెందుకు మడతపెట్టావని అడిగాడు. రోజూ అది చూస్తున్నప్పుడల్లా, రేపు నేను వెళ్ళిపోతే నా బతుకూ ఇంతే, అన్నయ్య నన్నూ ఇలాగే తీసి పారేస్తాడనుకునేవాణ్ణి అన్నాడు.

పెదనాన్న నోరెళ్ళబెట్టాడు. "పారేశానా? ఇంట్లో ఎక్కడ పెట్టనురా వాణ్ణి? ఆ ముగ్గురి పక్కనా పెట్టలేను, పడదనుకున్నాను. కింది అరలో ఒక్కణ్ణీ పెట్టలేను, చీకటి. అందుకే షాపుకి తెచ్చా. అక్కడైతే పొద్దస్తమానం నలుగురూ వచ్చిపోతుంటారు. చేతిలో చెయ్యేసి ఉన్నట్టు ఉంటుంది. ఇన్నేళ్ళలో వాణ్ణి ఒక్క పూట ఒంటరిగా వదల్లేదు నేను."

పెద్దమ్మ మొహం తిప్పుకుని ఊలు వెతుక్కుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేము శిక్ష అనుకున్నది ఆ మహానుభావుడు చేసిన మర్యాదట. బాబాయి స్టూలు మీంచి లేచి అన్నయ్య పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ ఆ బొమ్మ వంక చూస్తూ ఉన్నారు. కాసేపటికి పెదనాన్న గొంతు సవరించుకుని, మళ్ళీ పాత పద్ధతిలోకి వచ్చేశాడు.

"మీ బాబాయిని అడుగు, ఆ కొట్టు ఎప్పుడు తెరుస్తాడో."

"నువ్వెప్పుడంటే అప్పుడన్నయ్యా."

"ఏమంటున్నాడు?"

"మీరెప్పుడంటే అప్పుడంటున్నాడు పెదనాన్నా."

"ఎల్లుండి తెరవమను. మంగలికి వేరే చోటు నేను చూస్తానని కూడా చెప్పు."

తెరిచే రోజున షాపు వదిలి రావడం కుదరదన్నాడు పెదనాన్న. సూట్లు చాలా ఉన్నాయి. పొద్దున్నే బాబాయి తన బ్రష్షులూ రంగు సీసాలూ పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు. లోపలి గదిలో మరకల బల్ల ఖాళీ. ఆవిరి ఇస్త్రీ బుస్సుమంటోంది, పెదనాన్న కళ్ళు గడియారం మీద. పది నిమిషాలకోసారి, వాడిప్పుడేం చేస్తుంటాడంటావ్ అని అడుగుతున్నాడు. బల్లలు తుడుచుకుంటుంటాడని ఓసారి, ఎవరైనా వస్తారేమోనని చూస్తుంటాడని ఓసారి చెప్పాను. ఆ రెండోది అనకుండా ఉండాల్సింది.

అప్పుడే ఒక లెక్కల మాస్టారు చొక్కాల కోసం వచ్చారు. పెదనాన్న చొక్కాల కట్ట ఆయన చేతికివ్వకుండా వెనక్కి పట్టుకున్నాడు. "మాస్టారూ, మా తమ్ముడు మూడు వీధుల అవతల కొత్తగా కొట్టు పెట్టాడు. ఒక్కడే ఉన్నాడు. ఓసారి వెళ్ళి కాసేపు కూర్చుని రండి, ఈలోగా ఇవి ఇంకోసారి ఇస్త్రీ చేసి ఉంచుతా." మాస్టారు తన దగ్గర తోలుదేమీ లేదన్నారు. తోలెందుకు, మనిషి చాలన్నాడు పెదనాన్న.

తర్వాత డ్యూటీ దిగి వస్తున్న ఇద్దరు నర్సులు. తర్వాత బస్సు కండక్టరు. తర్వాత పరదా కోసం వచ్చిన తివాచీలాయన. ఆయన వచ్చిందే బాబాయి కొట్టు పక్కనుంచి, పెదనాన్న మళ్ళీ అక్కడికే పంపించేశాడు. మా షాపు ముందు నుంచి పోతున్న పెళ్ళి బ్యాండువాళ్ళు దారి అడిగితే, ఆ దారి బాబాయి కొట్టు మీదుగా చెప్పాడు. మధ్యాహ్నానికి మా కౌంటరు మీద ఉతికిన బట్టలన్నీ ఉన్నాయి, తీసుకెళ్ళాల్సినవాళ్ళు ఒక్కరూ లేరు.

అప్పుడు ఫోను మోగింది. స్పీకర్లో పెట్టాను. బాబాయి గొంతు వెనక జాతరలా గోలగా ఉంది.

"అన్నయ్యా, దయచేసి ఇంకెవర్నీ పంపకు. లోపల నిలబడటానికి చోటు లేదు. బ్రష్షు పట్టుకుంటే ఎవరో ఒకరికి తగులుతోంది."

"పని ఏమైనా వచ్చిందా?" అన్నాడు పెదనాన్న.

"వచ్చింది. ఊరికే కూర్చున్నారు కదా, ఎవరి సంచీ వాళ్ళు చూసుకున్నారు. ఒక నర్సమ్మ సంచి పట్టీ తెగిందంటే కుట్టాను. దాంతో మాస్టారు బూట్లు విప్పేశారు. బ్యాండువాళ్ళు డోలుకి తోలు పట్టీలు మార్చమంటున్నారు. వారం రోజులకి సరిపడా పనుంది." బాబాయి నవ్వుతున్నాడని గొంతులోనే తెలుస్తోంది. "వాళ్ళ మధ్య మాట వినపడక బయటికొచ్చి మెట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నా."

పెదనాన్న మొహం మీద నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"మెట్టు మీదా? ఒక్కడివేనా?"

"కాసేపేగా అన్నయ్యా, ఫోను పెట్టేశాక లోపలికి..."

పెదనాన్న వినడం లేదు. ఇస్త్రీ ఆపేశాడు. ఏప్రన్ విప్పి నా ఒళ్ళో పడేశాడు. చెప్పులు వేసుకున్నాడో లేదో కూడా నేను చూడలేదు, చెట్టంత మనిషి చిన్నపిల్లాడిలా పరుగెత్తి వీధి మలుపు తిరిగేశాడు. "హలో, హలో" అంటూ బాబాయి ఫోన్లో ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. లేవకు బాబాయ్, అక్కడే కూర్చో, పెదనాన్న వస్తున్నాడని చెప్పి పెట్టేశాను.

షాపులో నేనూ, ఉతికిన బట్టలూ మిగిలాం. నాకు తెలిసి మా పెదనాన్న ఒక మనిషిని ఒంటరిగా వదిలేసి వెళ్ళడం అదే మొదటిసారి. ఏమనిపించిందంటే, నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆ మెట్టు మీద అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన ఎలా ఉంటారో ఊహించుకుంటున్నాను.

పట్టుమని పది నిమిషాలు కాలేదు. చేతిలో కూరగాయల సంచితో ఒక ముసలావిడ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఏం ఇవ్వాలమ్మా అని అడిగాను.

"నాకేం వద్దమ్మాయ్. దారిలో ఎవరో పెద్దాయన పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఆగి చెప్పాడు. ఇక్కడ పిల్ల ఒక్కతే ఉంది, కాసేపు కూర్చుని వెళ్ళమన్నాడు" అంది.

లేచి ఆవిడకి కుర్చీ వేశాను.